నీరు ఎక్కువైన దిమ్మెలు

పంగుని నెల, మంగళవారం, విరుదునగర్. ఉన్నవారు: నేను; మా అక్క కొడుకు, కోవిల్‌పట్టి బయట సిమెంటు దిమ్మెల కొట్టం అతనిదే; ఆ కొట్టంలో మిక్సరు దగ్గర పనిచేసే ఆమె, దిమ్మెలు దించడానికి మాతో వచ్చింది; దిమ్మెలు కొనదలచిన ఇంజనీరు, నెల్లూరు వైపు మనిషి; పరీక్ష యంత్రం నడిపే ఉద్యోగి.

డైరీలో ఏ రోజు సంగతైనా నేను ఇలాగే మొదలుపెడతాను. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుంటే, ఎవరేమన్నారో తర్వాత తారుమారు కాదు. ఓవర్సీయరు ఉద్యోగంలో పట్టుబడిన అలవాటు. ఆ మంగళవారం ఇంతవరకు రాసేసరికి కలం ఆగింది. అక్కడున్నవారిలో అసలు జరిగిందేమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పనివాణ్ణి కూడా నేనే.

మొదటినుంచి చెప్పాలి. మా కోవిల్‌పట్టికి కడలమిఠాయి పేరు. బెల్లం పాకంలో వేరుశనగ పప్పు పోసి చేసే ఆ మిఠాయి కోసం ఊరి చుట్టూ కాయలు ఒలిచే మిల్లులు ఉన్నాయి. పెంకులు గుట్టలు గుట్టలుగా పడతాయి. కొన్ని పొయ్యిల్లోకి పోతాయి, కొన్ని ఇటుక బట్టీలకు పోతాయి, మిగిలినవి దారి పక్కనే తగలబెడతారు. కల్వర్టుల పనికీ బడిగోడల పనికీ తిరిగిన రోజుల్లో ఆ పొగలోంచే సైకిలు తొక్కేవాణ్ణి. ఆ బూడిద సిమెంటులో కొంత భాగానికి బదులుగా పనికొస్తుందని రిటైరయ్యాకే చదివాను. చదివిన రోజు రాత్రి భోజనం కూడా సరిగా చెయ్యలేదు. అంత సంబరపడ్డాను.

ఏ బూడిద పడితే ఆ బూడిద పనికిరాదు. పెంకు సగం కాలితే నల్లగా ఉంటుంది. ఆ మసి ఉంటే సిమెంటు పట్టదు. రెండోసారి కాల్చి నలుపు పోగొట్టాలి. తర్వాత మెత్తగా జల్లించాలి. దీనికోసం మా ఇంటి పిండి జల్లెడ తీసుకుపోతే నా భార్య, "ఇంక దోసెల్లో చెనక్కాయ పొట్టు వస్తే నన్ను అడగొద్దు" అని కొత్తది కొనిపించింది. పది పాళ్ళ సిమెంటు పడేచోట తొమ్మిది సిమెంటు, ఒకటి బూడిద వేస్తే దిమ్మె నిలుస్తుంది. బూడిద అంతకంటే బాగా పెరిగితే గుల్లబారుతుంది. ఇంకో గుణం కూడా ఉంది. ఈ బూడిద నీళ్ళు తాగుతుంది. మామూలు కలవకు, అంటే కలిపిన సిమెంటు ముద్దకు, సరిపోయే నీళ్ళు దీనికి చాలవు, కాస్త ఎక్కువ పట్టాలి.

నా కొంప ముంచింది ఈ చివరి ముక్కే.

మేనల్లుడికి మొదట ఇష్టం లేదు. "బూడిద కలిపిన ఇల్లంటే సుడుగాడు అంటారు మామా. ఎవడు కొంటాడు?" అన్నాడు. సుడుగాడంటే శ్మశానం. కానీ విరుదునగర్ దగ్గర గోదాములు కట్టిస్తున్న ఈ నెల్లూరు ఇంజనీరు మా బూడిద సంగతి విని, అలాంటి దిమ్మెలు బలంగా ఉంటే తీసుకుంటానని చెప్పి పంపేసరికి మెత్తబడ్డాడు. నమూనా దిమ్మెలు పోసే రోజు ఇంజనీరు స్వయంగా చూడటానికి వచ్చాడు.

మిక్సరు ఆమె గురించి ఇక్కడ చెప్పాలి. ఆమెది నాగలాపురం అవతల మెట్ట పల్లె, మావంటి తెలుగే. చిన్నప్పటినుంచి తలమీద మోత మోసి మెడ పూసలు అరిగాయి. ఇంక తలమీద బరువు పెట్టకూడదని డాక్టరు చెప్పాక, మా మేనల్లుడు ఆమెను మిక్సరు దగ్గర నిలబెట్టాడు. అక్కడ నిలబడి కొలత ప్రకారం పోయడమే పని. ఆ పని పోతే ఆమెకు మిగిలేది మళ్ళీ మోత, లేదా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ మందు వాసనకు ఆమెకు దగ్గు ఆగదు. ఇది కొట్టంలో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఇంజనీరు కారు దిగాడు. మర్యాదగా పిలిచి, వెనక్కి తిరిగి మిక్సరు ఆమెతో, "యమ్మా, సారుకు ఒక కుర్చీ తెచ్చి నీడలో పోడు" అన్నాను.

ఇంజనీరు పెద్దగా నవ్వాడు. "పోడా! పెద్దాయనా, ఇది తెలుగా, అరవమా? సిమెంటులో బూడిద కలిపినట్టు మాటలో కూడా కలిపేశారే!"

పోడు అంటే వెయ్యమనే, అరవం మాట. ఆయన హాస్యంగానే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ అది లోపల గుచ్చుకుంది. మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే గాని చదువుకునేది కాదు. బడి అంతా అరవంలో. ముప్ఫై ఏళ్ళ డైరీలు అరవంలోనే రాశాను. రిటైరయ్యాక, మా అమ్మ మాట్లాడిన భాషకు అక్షరాలు నేర్చుకోకుండా పోకూడదని ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని అ ఆలు దిద్దాను. తర్వాత పుస్తకాలు చదివాను, డైరీ తెలుగులోకి మార్చాను. మా చుట్టాలలో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనే. అది ఎవరితోనూ చెప్పుకోను గాని, మనసులో ఒక పక్క ఎప్పుడూ వెలుగుతూ ఉండేది.

అందుకని ఇంజనీరు పక్కన కూర్చుని పుస్తకపు తెలుగు ఎత్తుకున్నాను. "మేము ఇక్కడ స్థిరపడి అనేక తరాలు గడిచాయండి" అన్నాను. "వేరుశనగ పెంకును దహించి ఈ పదార్థాన్ని తయారు చేశాము" అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేసి, "అబ్బో, మీరు అచ్చు పుస్తకంలా మాట్లాడుతున్నారే!" అన్నాడు. అది మెచ్చుకోలని అనుకున్నాను.

మేనల్లుడు ఇసుక లారీతో బేరంలో ఉన్నాడు. మిక్సరు తిరుగుతోంది. శబ్దాన్నిబట్టే కలవ పొడిగా ఉందని తెలిసింది. బూడిద నీళ్ళు తాగేసింది. నేను కుర్చీలోంచి లేవలేదు. తల కొంచెం తిప్పి, ఇంజనీరుకు కూడా వినబడేలా, "అమ్మా, నీరు ఇంకొంచెం పోయండి" అన్నాను.

"నీరా, పెద్దయ్యా?" అంది ఆమె.

"అవును. నీరే."

కాసేపటికి శబ్దం ఇంకా గరగరలాడింది. "చాలలేదు. నీరు ఇంకా పోయండి" అన్నాను.

"ఇంకానా?"

"పోయమంటున్నాను కదా."

ఆమె పోసింది. నేను మళ్ళీ ఇంజనీరు వైపు తిరిగి ఆంధ్రలో కాంక్రీటు పనుల గురించి అడుగుతున్నాను. చివరికి కలవ దారికి వచ్చిన శబ్దం వినిపించింది. దిమ్మెలు పోశారు. నేను ముట్టుకోలేదు. దూరంనుంచి రంగు కాస్త తెల్లగా కనిపిస్తే, బూడిద కదా అనుకున్నాను.

దిమ్మెలు నెల రోజులు తడిలో ఉన్నాయి. తర్వాతే ఈ మంగళవారం.

పరీక్ష గదిలో, పోల్చి చూడటానికి, ముందు బూడిద లేని దిమ్మెలు పెట్టారు. యంత్రం నొక్కింది. ముల్లు పోతూనే ఉంది, దిమ్మె ఓర్చుకుంది. ఆ తర్వాత మావి. ముల్లు కదిలిందో లేదో, అప్పడం విరిగిన చప్పుడు. రెండోది కూడా అంతే. మూడోదాన్ని పెట్టకముందే మా మేనల్లుడు మొహం తిప్పుకున్నాడు. ఇంజనీరు విరిగిన ముక్క తీసుకుని బొటనవేలితో రుద్దితే పొడి రాలింది.

మేనల్లుడు ఆమె వైపు తిరిగాడు. "అక్కా, ఆ పొద్దు మిక్సర్లో ఏమి పోస్తివి?"

"పెద్దయ్య పొయ్యమన్నది పోస్తి. నీరు ఇంకొంచెం పొయ్యి అనిరి. పోస్తి. మళ్ళా అనిరి. మళ్ళా పోస్తి."

"ఇంకేముంది!" అన్నాడు ఇంజనీరు. "నీరెక్కువైతే దిమ్మె ఎక్కడ నిలుస్తుంది? పెద్దాయన కొంచెం పొయ్యమంటే నువ్వు బిందె బోర్లించావన్నమాట."

"నీళ్ళు నేను బోర్లించలే సారూ. నీళ్ళు ఎప్పటి కొలతే. అంత పొడి కలవకపోతే, ఆఖర్న నీళ్ళు రెండు చెంబులు పోస్తి. నీరే ఎక్కువ పోస్తి."

ఇంజనీరు నవ్వు ఆ గదంతా నిండింది. "నీళ్ళు పొయ్యలేదంట, నీరు పోసిందంట! ఏమయ్యా, మీ ఊళ్ళో ఈ రెండూ వేరువేరా?" అని మా మేనల్లుణ్ణి అడిగాడు. యంత్రం నడిపే ఉద్యోగికి తెలుగు రాదు, అయినా ఆ నవ్వు చూసి అతనూ నవ్వాడు.

నాకు మాత్రం అప్పుడే అర్థమైంది. "పొయ్యిలో నీరు తియ్యి", "నీరేసి తోము" అని మా అమ్మ రోజూ అనే మాటలు చెవిలో వినబడ్డాయి. మా ఇళ్ళలో నీరు అంటే బూడిద. ఆంధ్రలో నివురు అంటారే, నివురుగప్పిన నిప్పు అని, అదే. గుళ్ళో పెట్టే తిరునీరులో, అంటే విభూతిలో, ఉన్నదీ అదే. తాగేవి, పోసుకునేవి, బావిలో ఉండేవి నీళ్ళు. పుట్టి బుద్ధెరిగాక నేను నీళ్ళను నీరు అని నోటితో ఎన్నడూ అనలేదు. అది నేను కళ్ళతో నేర్చుకున్న మాట. ఇంజనీరు వినాలని ఆ రోజు మొదటిసారి నోట్లోకి తెచ్చుకున్నాను. ఆమె అడిగింది కూడా, నీరా అని. నీరే అన్నాను. అందరూ చెనక్కాయ నీరు కోసమే చేరారు, దాని సంగతి తెలిసిన పెద్దయ్య ఇంకా పొయ్యమంటున్నాడు. ఆమె ఏం చేస్తుంది? పొయ్యమన్నకొద్దీ బూడిద పోసింది. పోసినకొద్దీ కలవ పొడిబారింది. పొడిబారినకొద్దీ నేను ఇంకా పొయ్యమన్నాను.

మా మేనల్లుడికి ఇది అందలేదు. వాడి తరం బూడిదను సాంబల్ అనే అంటుంది. నీరు అన్న మాట వాళ్ళ ఇంట్లో అమ్మమ్మతోనే పోయింది. బయటివాడి ముందు తన మనుషుల మాట నవ్వులపాలైందని వాడి మొహం నల్లబడింది. "అక్కా, ఊరికే ఉండు" అన్నాడు.

ఆమె ఊరికే ఉండలేదు. నా వైపు చూసింది. "నువ్వే చెప్పు పెద్దయ్యా. నువ్వు ఏమి పొయ్యమంటివి?"

నాలుగు మాటల్లో చెప్పగలను. తప్పు నాది, నేను నీళ్ళనబోయి నీరన్నాను, మా భాషలో అది బూడిద. ఇంతే. కానీ చెబితే, పుస్తకంలా మాట్లాడే పెద్దాయనకు తన ఇంటి మాటే తెలియదని ఆ నవ్వు నా మీదకు తిరుగుతుంది. నేను ఇలా అన్నాను:

"పోనీలే. జరిగిందేదో జరిగిపోయింది."

"పెద్దాయన మంచితనం" అన్నాడు ఇంజనీరు.

చెప్పకపోవడం ఒక ఎత్తు. నేనన్న మాట ఇంకో ఎత్తు. ఆమె తప్పు చేసినట్టూ, నేను పెద్దమనసుతో క్షమించినట్టూ అయింది. ఆమె వంగి ముక్కలు ఏరి గోనెలో వేసుకుంది.

తిరుగు దారిలో సాత్తూరు దగ్గర టీ కోసం వ్యాను ఆపారు. మేనల్లుడు గ్లాసు ఆమె చేతికి ఇచ్చి, ఇచ్చిన తర్వాత చెప్పాడు. "అక్కా, రేపటినుంచి మిక్సరు దగ్గరికి రావొద్దు. మోతకు కావాలంటే రా."

"మోతకు మెడ లేదు మొదలాళీ" అంది ఆమె తన యజమానితో.

"నేనేమి చేసేది? ఆ సారు ఎంత నవ్వె, చూస్తివి గదా."

"చూస్తి. నవ్వినోళ్ళనీ చూస్తి, నవ్వనోళ్ళనీ చూస్తి" అని ఆమె టీ పూర్తిగా తాగి గ్లాసు కడిగి ఇచ్చింది. నేను వ్యాను ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాను. అద్దం దించి ఉంది, నాకంతా వినబడింది.

ఇంటికి వచ్చి ఎవరెవరు ఉన్నారో రాశాను. దాని కింద, "నీరు ఎక్కువ కావడం వల్ల దిమ్మెలు విరిగాయి" అని రాశాను. రాసి చూసుకున్నాను. మా అమ్మ భాషలో అది నిజం, ఇంజనీరు భాషలో అబద్ధం. ఎవరు చదివినా నన్ను పట్టుకోలేరు. ఇంత వయసులో ఇంత తెలివిగా ఒక వాక్యం రాసుకున్నానే అనిపించి, ఆ పేజీ మీద చెయ్యి పెట్టలేకపోయాను.

అన్నం తినేటప్పుడు నా భార్యను, "నీరు అంటే ఏంది?" అని అడిగాను.

"ఏమి, ఒళ్ళు బాగలేదా? పొయ్యిలో ఉండేది. అంట్లు తోమేది."

"తాగేది కాదు గదా?"

"నీరు తాగితే కడుపు కాలుద్ది. ఏమి చేస్తివి, చెప్పు."

చెప్పాను. ఆమె మజ్జిగ గిన్నె చేతిలో పట్టుకునే అంతా విన్నది. "మీ అమ్మ ఉండుంటే నీ నోట్లో ఇంత నీరు కొట్టేది" అంది. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "ఆ యమ్మి ఏడిసిందా?"

"లేదు."

"తిట్టిందా?"

"లేదు."

"అట్లయితే పొద్దున్నే పో. ఇప్పుడు పోతే తలుపు తియ్యదు" అని మజ్జిగ పోసింది.

మరునాడు పొద్దున మా మేనల్లుడు కొట్టంలో దిమ్మెలకు నీళ్ళు పడుతున్నాడు. గొట్టం కట్టెయ్యమని చెప్పి, నిలబడే మొత్తం చెప్పాను. మొదట అర్థం కాలేదు. సాంబల్ అని అరవంలో చెబితే అర్థమైంది. "అయ్యయ్యో మామా!" అని కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయాడు.

"ఇది నీకు నిన్న ఎప్పుడు తెలిసె?"

"అక్కడే. ఆమె చెప్తుంటేనే."

"సాత్తూరులో నేను ఆమెను నిలిపేస్తుంటే?"

"తెలుసు."

చిన్నప్పుడు నేను ఎత్తుకుని తిప్పినవాడు, తిట్టినా పడేవాణ్ణి. వాడు బండి తీసి, "ఎక్కు" అన్నాడు.

మేము వెళ్ళేసరికి ఆమె జడ వేసుకుని, అన్నం గిన్నె సంచిలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. వీధి మొగలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ బస్సు కోసం ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు. వాళ్ళందరి ఎదుటే చెప్పాను. "నాదే తప్పు తల్లీ. నేను నీళ్ళు అడగాల్సింది. పుస్తకం మాట అంటిని. నువ్వు పోసింది సరే."

గుంపులో ఒక ముసలామె, "నీళ్ళకు నీరు అంటారా ఎక్కడన్నా?" అని ఆశ్చర్యపోయింది. ఇంకొకామె, "చదువుకున్నోళ్ళు అంటారేమోలే" అంది. అందరూ నవ్వారు. ఇంజనీరు నవ్వుకు భయపడి దాచుకున్న పరువు ఇక్కడ వీధిలో ఖర్చయింది.

మిక్సరు ఆమె నవ్వలేదు. "నాకు తెలుసు పెద్దయ్యా, నేను పోసింది ఏమని. నాకు ఎందుకు చెప్తావు? ఆ సారుకు చెప్తివా?"

చెప్పలేదన్నాను. మేనల్లుడు ఫోను తీసి, నంబరు కొట్టి, అందరికీ వినబడేలా పెట్టి నా చేతికిచ్చాడు. ఇంజనీరు ఎత్తాడు. ఈసారి ఇంటి మాటలోనే చెప్పాను. "సారూ, మా దాంట్లో నీరంటే బూడిద. ఆ యమ్మ మీద తప్పు లేదు. నేనే తప్పు చెప్తిని. నిన్న నాకు తెలిసీ చెప్పలే." అవతలినుంచి ఇంజనీరు, "అయ్యో, ఆవిణ్ణి అనవసరంగా అన్నానే" అన్నాడు. నా గురించి ఏమీ అనలేదు. మళ్ళీ పోసి తెండి, చూద్దామని పెట్టేశాడు.

ఫ్యాక్టరీ బస్సు వచ్చింది. ఆడవాళ్ళు ఎక్కుతున్నారు. "వస్తావా అక్కా?" అని మేనల్లుడు అడిగాడు. ఆమె బస్సు వైపు చూసింది, సంచి వైపు చూసింది. బస్సు పోనిచ్చి, చెప్పులు తొడుక్కుని నడిచి వచ్చింది. బండి ఎక్కలేదు.

ఆ పొద్దే కొత్త కలవ పెట్టాం. నేను కుర్చీ తెప్పించుకోలేదు, మిక్సరు పక్కనే నిలబడ్డాను. సిమెంటు పడింది, జల్లించిన బూడిద కొలతగా పడింది, ఇసుక పడింది, డ్రమ్ము తిరిగింది. ఆమె గొట్టంతో నీళ్ళు పట్టి, గొట్టం చేతిలోనే ఉంచుకుని నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళుగా నాతో ఇంటి తెలుగులోనే మాట్లాడిన మనిషి, బజారులో కొత్తవాళ్ళతో మాట్లాడినట్టు అరవంలో అడిగింది:

"తణ్ణి పోదుమా, అయ్యా?"

తణ్ణి అంటే నీళ్ళు, పోదుమా అంటే సరిపోతాయా అని. నేను డ్రమ్ములోకి వంగి, పిడికెడు తీసి, నొక్కి చూశాను. ముద్ద నిలిచింది.

"పోదుం" అన్నాను, అరవంలోనే.